మబ్బు చాటు తార: ఋత్విక్ ఘటక్

మన దేశంలో సినిమా చూసేవాళ్ళకు కొదవ లేదు. సినిమా గురించి మాట్లాడేవాళ్ళకు అసలే కొదవ లేదు. ఏ హాస్టలు గదిలో చూసినా, ఏ కాంటీను బల్ల దగ్గర చూసినా అదే చర్చ. ఏ బొమ్మ ఎన్ని వారాలు ఆడింది, ఎవరికి ఎంత మిగిలింది అనే లెక్కలు మనకు పాఠాలకన్నా బాగా నోటికి వచ్చు. కానీ ఆడిన బొమ్మ తెచ్చిపెట్టిన డబ్బునూ పేరునూ ఆ దర్శకుడు ఏం చేసుకున్నాడు అనే ప్రశ్న మాత్రం మనం సాధారణంగా వేసుకోం. ఆ ప్రశ్నకు ఒక మనిషి తన జీవితంతోనే జవాబు చెప్పాడు. ఆయన పేరు ఋత్విక్ కుమార్ ఘటక్.

బెంగాలీ సినిమా అనగానే మనకు సత్యజిత్ రాయ్ పేరు గుర్తొస్తుంది. ఆ తర్వాత మృణాల్ సేన్. ఘటక్ పేరు మూడోదిగానో, నాలుగోదిగానో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ఆయన పూర్తిచేసిన కథాచిత్రాలు మొత్తం ఎనిమిదే. అందులో ఆయన బతికుండగా జనం టిక్కెట్లు కొని ఆదరించింది ఒకే ఒక్కటి, 1960లో వచ్చిన 'మేఘే ఢాకా తారా'. అంటే మబ్బు కప్పిన తార అని అర్థం. ఆ ఒక్క విజయం ఎలా వచ్చింది, వచ్చి ఏమైంది అన్నది తెలుసుకుంటే ఘటక్ జీవితం చాలావరకు తెలిసినట్టే.

పద్మానది ఒడ్డు పిల్లవాడు

1925 నవంబరు 4న ఢాకాలో ఒక కవల జంట పుట్టింది. మగపిల్లవాడు ఋత్విక్, ఆడపిల్ల ప్రతీతి. తండ్రి సురేశ్‌చంద్ర ఘటక్ జిల్లా మేజిస్ట్రేటు. ఉద్యోగం అలాంటిదైనా కవిత్వం, నాటకం అంటే ప్రాణం ఉన్న మనిషి. పెద్దన్న మనీశ్ ఘటక్ పేరున్న రచయిత. ఆ మనీశ్ కూతురే తర్వాతి కాలంలో మహాశ్వేతాదేవిగా దేశమంతటికీ తెలిసింది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి సాహిత్యం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక చుట్టూ ఉన్నది తూర్పు బెంగాలు: పెద్ద పెద్ద నదులు, పడవలు, పడవవాళ్ళ పాటలు, వరిచేలు. ఆ నేలను ఆయన జీవితాంతం మరచిపోలేదు.

యౌవనం వచ్చేసరికి చుట్టూ ఉన్న లోకం తలకిందులైంది. 1943లో బెంగాలు కరువు. కలకత్తా వీధుల్లో గంజి కోసం చేతులు చాచి మనుషులు రాలిపోయారు. 1947లో దేశ విభజన. పుట్టిన ఊరు ఒక్క రాత్రిలో పరాయి దేశం అయిపోయింది. పొలమూ, ఇల్లూ, చెరువూ అన్నీ వదిలి లక్షల మంది కలకత్తాకు వచ్చిపడ్డారు. రైలు స్టేషన్లలో, ఊరి చివర బురదనేలల్లో తడికెలు కట్టుకుని కాలనీలు వేసుకున్నారు. నిన్నటిదాకా పదిమందికి అన్నం పెట్టిన కుటుంబాలు కాందిశీకులనే కొత్త పేరుతో బతకవలసి వచ్చింది. ఈ గాయం ఘటక్ మనసులో మానలేదు. మానడం ఆయనకు ఇష్టం కూడా లేదేమో అనిపిస్తుంది.

బహరంపూరు కృష్ణనాథ్ కాలేజీలో 1948లో బి.ఏ. పూర్తిచేశాడు. ఎం.ఏ. కోసం కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరాడు గానీ చదువు సాగలేదు. అప్పటికే కథలు రాస్తున్నాడు, నాటకాల్లో మునిగిపోయాడు. ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ అంటే ఇప్టా. మన ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలిగా ఊరూరా తిరిగి బుర్రకథలూ వీధినాటకాలూ ఆడింది ఈ ఉద్యమమే. బెంగాలులో ఆ ఇప్టాకు ఘటక్ నటుడు, రచయిత, దర్శకుడు అన్నీ అయ్యాడు. విభజన మీద 'దలీల్' అనే నాటకం రాసి ఆడించాడు.

మరి నాటకం వదిలి సినిమాకు ఎందుకు వెళ్ళాడు? ఆయన చెప్పుకున్న కారణం చాలా సూటిగా ఉంటుంది. నాటకం చూసేది వేలమంది, సినిమా చూసేది లక్షలమంది. తన మాట ఎక్కువమందికి చేరాలి, అంతే. రేపు సినిమాకన్నా మెరుగైన సాధనం దొరికితే సినిమాను వదిలేసి దాని వెంట పోతానని ఆయన దాపరికం లేకుండా చెప్పేవాడు. గమనించండి, జనం వద్దనుకుని మూల కూర్చున్న కళాకారుడు కాదాయన. జనం కోసమే వచ్చినవాడు. జనమే చాలాకాలం ఆయన దగ్గరకు రాలేదు.

డబ్బాల్లో మగ్గిన మొదటి సినిమా

1950లో నెమాయ్ ఘోష్ తీసిన 'ఛిన్నమూల్' కాందిశీకుల మీద తీసిన చిత్రం. అందులో ఘటక్ నటించాడు, సహాయ దర్శకుడుగా పనిచేశాడు. 1952లో తన మొదటి చిత్రం 'నాగరిక్' పూర్తిచేశాడు. ఉద్యోగం కోసం కలకత్తాలో తిరిగే చదువుకున్న కుర్రవాడి కథ అది. రాయ్ 'పథేర్ పాంచాలి' విడుదలకు మూడేళ్ళ ముందు మాట. కానీ 'నాగరిక్' విడుదల కాలేదు. రీళ్ళు డబ్బాల్లోనే ఉండిపోయాయి. అది జనం ముందుకు వచ్చింది 1977లో, దర్శకుడు పోయిన మరుసటి ఏడాది. ఇరవై అయిదేళ్ళు! ఆ సినిమా సకాలంలో వచ్చి ఉంటే భారతీయ చలనచిత్ర చరిత్రలో కొన్ని వాక్యాలు మరోలా రాయవలసి వచ్చేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ప్రజానాట్యమండలి నుంచి వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీసి, జమునను తెరకు పరిచయం చేసి, డబ్బు మాత్రం పోగొట్టుకున్నాడు. నాటకోద్యమం నుంచి తెరకు వచ్చినవాళ్ళకు ఆనాడు దారి అంత సుఖంగా లేదు.

1955లో ఘటక్ కమ్యూనిస్టు పార్టీకి దూరమయ్యాడు. కళ గురించి ఆయనకున్న అభిప్రాయాలు పార్టీకి నచ్చలేదు, పార్టీ తీరు ఆయనకు నచ్చలేదు. అదే ఏడాది సురమతో పెళ్ళయింది. ఇల్లు గడవాలి. బొంబాయి వెళ్ళి స్టూడియోలో కథలు రాసే ఉద్యోగం చేశాడు. బిమల్ రాయ్ తీసిన 'మధుమతి' కథ ఘటక్ రాసిందే. దిలీప్ కుమార్, వైజయంతిమాల నటించిన ఆ పునర్జన్మ కథ 1958లో దేశమంతా విరగబడి ఆడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. జనాన్ని హాలుకు రప్పించే కిటుకు ఘటక్‌కు తెలియక కాదు. తెలిసి, అక్కడే ఉండి, నెలనెలా జీతం తీసుకుంటూ హాయిగా బతకగలిగి ఉండి, వెనక్కి వచ్చేశాడు.

వచ్చి తీసింది ఏమిటంటే ఒక డొక్కు కారు కథ. 'అజాంత్రిక్', 1958. బిమల్ అనే టాక్సీ డ్రైవరుకు జగద్దల్ అనే పాత షెవర్లే కారే పెళ్ళాం, బిడ్డ, స్నేహితుడు. దానితో మాట్లాడతాడు, అలుగుతాడు, బతిమాలతాడు. ఒక యంత్రానికీ మనిషికీ మధ్య అనుబంధాన్ని అంత నమ్మకంగా అప్పటికి మన దేశంలో ఎవరూ చూపించలేదు. 1959లో వెనిస్ చిత్రోత్సవంలో దాన్ని ప్రదర్శించారు. ఇక్కడ మాత్రం ఆడలేదు. తర్వాత, ఇంటినుంచి పారిపోయి కలకత్తా చేరిన పల్లెటూరి పిల్లవాడి కథ 'బాడీ థేకే పాలియే' తీశాడు. అదీ నిలబడలేదు. అప్పటికి లెక్క చూస్తే ఒక సినిమా విడుదలే కాలేదు, రెండు ఆడలేదు. ఇలాంటి దర్శకుడికి నాలుగో అవకాశం రావడమే వింత.

నీత అనే అమ్మాయి

ఆ నాలుగో చిత్రమే 'మేఘే ఢాకా తారా'. శక్తిపద రాజ్‌గురు రాసిన కథ దానికి ఆధారం. కథగా చెప్పుకుంటే అందులో కొత్తదనం పెద్దగా కనబడదు. కలకత్తా శివారు కాందిశీకుల కాలనీలో ఒక కుటుంబం. ఇంగ్లీషు కవిత్వం వల్లించే ముసలి బడిపంతులు తండ్రి. కొరత బతుకుతో మనసు గట్టిపడిపోయిన తల్లి. సంగీతం తప్ప వేరే పని పట్టని పెద్దకొడుకు శంకర్. సోకుల మీద మనసున్న చిన్నకూతురు గీత. ఆటల మీద ధ్యాస ఉన్న చిన్నకొడుకు మంటూ. వీళ్ళందరి మధ్యా నీత. కాలేజీలో చదువుకుంటూ, ట్యూషన్లు చెబుతూ ఇల్లు నడుపుతుంది.

సినిమా మొదట్లోనే నీత నడుస్తుంటే చెప్పు తెగిపోతుంది. ఆ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఇంటికి వస్తుంది. ట్యూషను డబ్బు అందిన రోజున అందరి కళ్ళూ ఆమె చేతి మీదే. చెల్లెలికి చీర కావాలి, తమ్ముడికి బూట్లు కావాలి, అన్నకు చిల్లర కావాలి. అందరికీ ఇస్తుంది. తనకు చెప్పులు కొనుక్కోదు. మధ్యతరగతి ఇళ్ళలో ఒకటో తారీఖు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

నీతను సనత్ ప్రేమిస్తాడు. అతని చదువుకు కూడా ఆమే చేయూతనిస్తుంది. తండ్రి మంచాన పడతాడు. నీత చదువు ఆపి ఉద్యోగంలో చేరుతుంది. కొన్నాళ్ళు ఆగుదామంటుంది. సనత్ ఆగడు. ఆమె చెల్లెలు గీతనే చేసుకుంటాడు. తల్లి దీనికి అడ్డు చెప్పదు, సరిగదా లోలోపల ఊరట పడుతుంది. ఎందుకంటే నీత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే ఈ ఇంటి పొయ్యి మీద ఎసరు ఎవరు పెడతారు? తల్లి చెడ్డది కాదు. ఆకలి ఆమెచేత అలా లెక్కలు వేయిస్తుంది. ఈ ముక్క చెప్పగలిగిన ధైర్యం ఆనాటి సినిమాల్లో అరుదు. మన సినిమాల్లో తల్లి అంటే దేవత. ఘటక్ చూపించిన తల్లి పాడి ఆవును వదులుకోలేని మనిషి.

చివరకు నీతకు క్షయ పట్టుకుంటుంది. ఆ జబ్బును దాచిపెట్టి పని చేస్తూనే ఉంటుంది. శంకర్ బొంబాయి వెళ్ళి పెద్ద గాయకుడై తిరిగి వస్తాడు. చెల్లెల్ని షిల్లాంగు కొండల్లో ఉన్న శానటోరియంలో చేరుస్తాడు. చూడడానికి వచ్చి గీత కొడుకు ఆటపాటల గురించి చెబుతుంటే నీత ఒక్కసారిగా బద్దలవుతుంది. తనకు బతకాలని ఉండేదని, నిజంగా ఎంతో బతకాలని ఉండేదని అన్నను పట్టుకుని అరుస్తుంది. ఆ అరుపు కొండల్లో మారుమోగుతుంటే కెమెరా చుట్టూ తిరుగుతుంది. జీవితమంతా ఏమీ అడగని మనిషి అడిగిన ఒకే ఒక్క కోరిక అది. అదీ ఆలస్యంగా.

కళ ఎక్కడుంది?

కథ ఇంతే అయితే ఏడిపించే సినిమాలు మనకూ బోలెడున్నాయి. ఘటక్ ఏం చేశాడంటే, ఏడుపు సినిమా సామగ్రి అంతా తీసుకుని దాన్నే మరో పనికి వాడాడు. మెలోడ్రామా అంటే చదువుకున్నవాళ్ళు ముఖం చిట్లిస్తారు. ఆయన చిట్లించలేదు. మన జనం పురాణాలూ, జాత్రా నాటకాలూ చూసి పెరిగినవాళ్ళు, పెద్ద గొంతుతో చెబితే వాళ్ళకు బెరుకు ఉండదు అని నమ్మాడు.

శబ్దం విషయమే తీసుకోండి. సనత్ గదిలో మరో ఆడమనిషి ఉందని తెలిసి నీత మెట్లు దిగి వస్తుంటే కొరడా దెబ్బ చప్పుడు వినిపిస్తుంది. అక్కడ కొరడా లేదు, కొట్టేవాడూ లేడు. అయినా ఆ దెబ్బ ఎవరి మీద పడిందో హాల్లో ప్రతివాడికీ తెలుస్తుంది. తల్లి వంటింట్లో ఉండగా అన్నం కుతకుతలాడే చప్పుడు ఆమె మనసులోని గుబులుగా మారిపోతుంది. 1960లో ఇది సామాన్యమైన ప్రయోగం కాదు. అయినా ఏ ప్రేక్షకుడూ ఇదేమిటని లేచిపోలేదు.

సంగీతం జ్యోతిరింద్ర మైత్ర. శంకర్ పాత్రకు గొంతు ఇచ్చిన ఎ.టి. కానన్ మద్రాసులో పుట్టి కలకత్తాలో స్థిరపడిన హిందూస్తానీ విద్వాంసుడు. శంకర్ పాడేది హంసధ్వని. మన కచేరీల్లో వాతాపి గణపతితో శుభారంభం చేసే ఆ రాగం రామస్వామి దీక్షితుల సృష్టి అని మనవాళ్ళు చెప్పుకుంటారు. శుభానికి పాడే మన దక్షిణాది రాగం అక్కడ ఒక చెల్లెలి బలిదానం పక్కన వినబడుతుంటే మనబోటివాళ్ళకు గుండె మరింత కలుక్కుమంటుంది.

ఇంకో సంగతి. నీత పుట్టింది జగద్ధాత్రి పూజనాడు. జగద్ధాత్రి అంటే జగత్తును భరించేది. బెంగాలులో దుర్గ ఏడాదికోసారి పుట్టింటికి వచ్చి మళ్ళీ అత్తవారింటికి, కైలాసానికి పోతుందని పాటలున్నాయి. ఆ పాటల బాణీలు నీత వెనక వినబడతాయి. ఇంటిని భరించిన ఆడపిల్లను దేవత అని పొగడడం, ఆ తర్వాత ఊరేగించి నీళ్ళలో కలిపేయడం మనకు అలవాటు. ఘటక్ నీతను దేవతను చేయలేదు. మనం ఆమెను ఎలా దేవతను చేసి చంపుకుంటామో చూపించాడు. నీతను కూడా ఆయన పూర్తిగా వెనకేసుకు రాలేదు. అన్యాయం జరుగుతున్నప్పుడు నోరు మెదపకపోవడమే తన తప్పు అన్న ఎరుక ఆమెకు కలిగిస్తాడు.

నీతగా నటించిన సుప్రియా చౌధురి అప్పటికే తెరకు పరిచయమైన తార. కానీ ఆమె పేరు చెప్పగానే ఇప్పటికీ బెంగాలీలకు ముందు గుర్తొచ్చేది నీతే. తండ్రిగా బిజన్ భట్టాచార్య, శంకర్‌గా అనిల్ చటర్జీ, తల్లిగా గీతా డే. కెమెరా దినేన్ గుప్తా. అందరూ కలిసి ఆ పూరింటిని నిజం చేశారు.

1960 ఏప్రిల్లో చిత్రం విడుదలైంది. జనం వచ్చారు. ఎందుకు వచ్చారు? కాలనీల్లో ప్రతి వీధిలో ఒక నీత ఉంది కాబట్టి. విభజన అనే మాట సినిమాలో పెద్దగా వినబడకపోయినా, ఆ ఇల్లు ఎందుకు అలా అయిందో చెప్పక్కర్లేని ప్రేక్షకులు వాళ్ళు. జనానికి కొత్త పద్ధతి అర్థం కాదని వాదించేవాళ్ళకు ఈ చిత్రం ఒక సమాధానం. తమ ఇంటి మాట చెబితే జనం ఏ పద్ధతిలో చెప్పినా వింటారు.

విజయం తరువాత

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. మరొకరైతే నీత లాంటివే మరో నాలుగు కథలు తీసి మేడ కట్టుకునేవాళ్ళు. తప్పు కూడా కాదు. ఘటక్ ఆ వచ్చిన డబ్బు 'కోమల్ గాంధార్'లో పెట్టాడు. 1961లో వచ్చిన ఆ చిత్రం ఇప్టా నాటక సమాజాల్లోని చీలికలను, దేశం చీలికను పక్కపక్కన పెట్టి చూపించింది. అందులో పద్మానది ఒడ్డుకు వచ్చి అర్ధాంతరంగా ఆగిపోయిన రైలుపట్టాలు ఉంటాయి. ఒకప్పుడు అవతలి గట్టుకు ప్రయాణీకులను చేర్చిన దారి అది. ఆ దృశ్యం చూసినవాళ్ళు మరిచిపోలేరు. కానీ సినిమా ఘోరంగా దెబ్బతింది. పాత మిత్రులకు కోపం వచ్చింది, మామూలు ప్రేక్షకుడికి అంతు పట్టలేదు. 'మేఘే ఢాకా తారా' ఇచ్చింది 'కోమల్ గాంధార్' పట్టుకుపోయింది.

1962లో 'సువర్ణరేఖ' పూర్తయింది. విడుదల కావడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మూడు చిత్రాలనూ కలిపి విభజన త్రయం అంటారు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు ఆయన చేతిలో పూర్తయిన కథాచిత్రం లేదు.

ఆ మధ్యలో పూనా ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో కొద్దికాలం పాఠాలు చెప్పాడు, వైస్ ప్రిన్సిపాలుగా పనిచేశాడు. తరగతి గదిలోకన్నా చెట్టుకింద ఎక్కువ పాఠం జరిగేదని చెప్పుకుంటారు. మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం ఆయన శిష్యులే. ముగ్గురూ మూడు దారులు తొక్కారు, ఒక్కరూ గురువును నకలు కొట్టలేదు. అధ్యాపకుడికి అంతకన్నా గొప్ప సర్టిఫికెట్టు ఏముంటుంది?

మిగతా కథ చెప్పడం కష్టం. తాగుడు ఆయనను తినేసింది. మానసిక చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. కళాకారుడు కదా అని మనం దీన్ని మురిపెంగా చెప్పుకోకూడదు. సంసారం బరువు సురమ మీద పడింది. నీత కథను అంత గొప్పగా చెప్పిన మనిషి ఇంట్లోనే మరో ఆడమనిషి ఆ బరువు మోసింది. ఇది ఆయనకు తెలియక కాదు. 1974లో పూర్తిచేసిన చివరి చిత్రం 'జుక్తి తక్కో ఆర్ గప్పో'లో తాగుబోతు మేధావి నీలకంఠుడి వేషం తానే వేశాడు. అందులో భార్య విసిగిపోయి కొడుకును తీసుకుని దూరపు ఊళ్ళో బడిపంతులమ్మ ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. తనను తాను అంత నిర్దాక్షిణ్యంగా బోనులో నిలబెట్టుకున్న దర్శకుణ్ణి మనం ఎక్కువగా చూడలేదు. అంతకుముందు 1973లో, కొత్తగా ఏర్పడిన బంగ్లాదేశ్ వెళ్ళి, అద్వైత మల్లబర్మన్ నవల ఆధారంగా 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' తీశాడు. జబ్బుతోనే తీశాడు. పుట్టిన నేల మీద కాలు పెట్టి, ఎండిపోయే నది కథ చెప్పాడు.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1976 ఫిబ్రవరి 6న కలకత్తాలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏళ్ళు.

అదే 1976లో మన తెలుగు తెర మీద 'అంతులేని కథ' వచ్చింది. బాలచందర్ అంతకు రెండేళ్ళ ముందు తమిళంలో తీసిన చిత్రానికి అది తెలుగు రూపం. ఇంటిల్లిపాదినీ పోషించే సరితగా జయప్రద నటించింది. ఆ కథ వెనక నీత నీడ ఉందని సినిమా తెలిసినవాళ్ళు చెబుతుంటారు. సరితకు నోరుంది, నీతకు లేదు. అది తేడా. కానీ ఇద్దరూ అదే బస్సు కోసం నిలబడ్డవాళ్ళు. ఆ రోజుల్లో 'అంతులేని కథ' చూసి కళ్ళు తుడుచుకున్న మన అమ్మలూ, పిన్నులూ, మేనత్తలూ ఘటక్ పేరు విని ఉండరు. అయినా ఆయన చెప్పదలచుకున్నది వాళ్ళకు చేరింది. ఆయన కోరుకున్నదీ ఇదే కదా, మాట ఎక్కువమందికి చేరడం.

2025 నవంబరుతో ఘటక్ పుట్టి నూరేళ్ళు నిండాయి. ఇప్పుడు ప్రపంచంలోని ఫిలిం సొసైటీలు, విశ్వవిద్యాలయాలు ఆయన సినిమాలను నెత్తిన పెట్టుకుంటున్నాయి. బతికి ఉండగా రానిది పోయాక వచ్చిందని బాధపడి ఊరుకోవచ్చు. కానీ ఆ సినిమా ముగింపు మనల్ని అంత తేలికగా వదలదు. నీత లేని ఆ వీధిలో శంకర్ నిలబడి ఉంటాడు. ఎదురుగా మరో అమ్మాయి నడిచి వస్తూ చెప్పు తెగి ఆగుతుంది. అతన్ని చూసి కొంచెం సిగ్గుపడి నవ్వి, చెప్పు ఈడ్చుకుంటూ వెళ్ళిపోతుంది. శంకర్ కుమిలిపోతాడు.

ఈ కాలేజీలో మనం కడుతున్న ఫీజుల్లో, తింటున్న మెస్సు బిల్లుల్లో ఒక అక్క జీతమో, ఒక వదిన గాజులో, ఒక అమ్మ కుట్టుమిషనో లేని ఇళ్ళు ఎన్ని ఉంటాయి? రేపు పట్టా చేతికొచ్చాక, శంకర్‌లా పేరు తెచ్చుకుని తిరిగి వెళ్ళేసరికి ఆలస్యం కాకూడదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులను ఒక్కసారి చూడండి. ఎవరివి ఎక్కువ అరిగి ఉన్నాయో తెలిసిపోతుంది.